ఎంసీఎఫ్-7 కణాలు టమోక్సిఫెన్‌కి లొంగకుండా తయారుచెయ్యడం ఎలా

ల్యాబ్‌లో కొత్తగా చేరి, ఈస్ట్రోజెన్ హార్మోన్ పనిని అడ్డుకునే టమోక్సిఫెన్ మందుకి రొమ్ము క్యాన్సర్ ఎందుకు మొండికేస్తుందో చూడాలనుకునేవాళ్ళకి ఇది. ఎంసీఎఫ్-7తో మొదలుపెట్టండి. 1970లో మిషిగన్‌లో సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సెస్ అనే నన్ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన కణాలివి, ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే ప్రోటీన్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, వీటిలో బాగా ఉంటుంది. వయల్ రాగానే ఎస్‌టీఆర్ టెస్ట్ (డీఎన్ఏతో ఇవి ఏ కణాలో తేల్చేది), మైకోప్లాస్మా టెస్ట్ (కణాల్లో దాక్కునే బాక్టీరియా కోసం) చేయించండి, ఎందుకంటే ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలని ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్.

ఇక మీడియా, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు మీడియాకి గులాబీ రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా కొంచెం ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది, కాబట్టి అది లేనిది కొనండి, సీరం కూడా చార్‌కోల్‌తో హార్మోన్లు తీసేసినదే వాడండి. కానీ నెలల తరబడి హార్మోన్ లేకుండా పెంచితే కణాలు ఆ కరువుకే అలవాటుపడిపోతాయి, మందుకి కాదు! అందుకే పక్కనే ఇంకో ఫ్లాస్క్ పెట్టి, అదే మీడియాలో మందు లేకుండా, మందుని కరిగించే ఇథనాల్ మాత్రం అంతే వేసి, మొదటిరోజు నుంచి చివరిదాకా సమానంగా పెంచండి. ఈ కంట్రోల్ లేకపోతే మీ రిజల్ట్ నేనైతే నమ్మను.

టమోక్సిఫెన్ అసలు పని మొదలయ్యేది లివర్‌లో మారాక, ప్లేట్‌లో లివర్ ఉండదుగా, అందుకని అలా మారాక వచ్చే 4-హైడ్రాక్సీ టమోక్సిఫెన్‌నే ఇథనాల్‌లో కలిపి, వెలుతురు తగలకుండా మైనస్ 20లో దాచుకోండి. 100 నానోమోలార్‌తో మొదలుపెట్టి మెల్లగా 1 మైక్రోమోలార్ దాకా వెళ్ళండి, 5, 10 మైక్రోమోలార్ దాకా పోతే రిసెప్టర్‌తో సంబంధం లేకుండానే కణాలు చచ్చిపోతాయి. మొదట్లో పెరుగుదల దాదాపు ఆగిపోయినట్టు కనిపిస్తుంది, కంగారుపడి పారేయకండి, వారానికి రెండుసార్లు మందుతో మీడియా మారుస్తూ ఓపిక పట్టండి. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మధ్యమధ్యలో వయల్స్ ఫ్రీజ్ చేసుకుంటూ ఉండండి.

టెస్ట్‌కి ముందు ఒక వారం మందు ఆపి, మందులో పెంచినవాటికీ, కంట్రోల్ కణాలకీ ఒకే ప్లేట్‌లో రకరకాల డోసులిచ్చి డోస్ కర్వ్ వేయండి. ఎంటీటీ అనే రంగు టెస్ట్ ఒక్కటే చాలదు, అది మెటబాలిజం చూపిస్తుంది గానీ కణాల సంఖ్య కాదు, లెక్కపెట్టి కూడా చూడండి. తర్వాత ప్రోటీన్లని చూపించే వెస్టర్న్ బ్లాట్‌లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఇంకా ఉందా, కణాల్ని పెరగమనే వేరే రిసెప్టర్లు హెచ్ఈఆర్2, ఈజీఎఫ్ఆర్ పెరిగాయా చూడండి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉంటే, దాన్ని నాశనం చేసే ఫుల్వెస్ట్రాంట్ మందు వేసి చూడండి, పెరుగుదల తగ్గితే ఆ కణాలు ఇంకా రిసెప్టర్ మీదే బతుకుతున్నట్టు. ఆ రిసెప్టర్ జీన్ ఈఎస్ఆర్1లో మ్యుటేషన్లు కనపడకపోయినా నిరాశపడొద్దు, అవి పేషెంట్లలో ఎక్కువగా ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని ఆపే అరోమటేజ్ ఇన్హిబిటర్లు వాడాకే బయటపడతాయి.