పరిశోధనతో అమెరికా గ్రీన్‌కార్డు: అక్కడ వేయాల్సిన దరఖాస్తు, ఇక్కడ తేవాల్సిన కాగితం

మా చెల్లి అమెరికాలో వరి అగ్గితెగులు మీద పరిశోధన చేస్తోంది. "అన్నయ్యా, గ్రీన్‌కార్డుకి పెడుతున్నాను, నా బర్త్ సర్టిఫికెట్ పంపు" అని ఫోన్ చేస్తే గంటలో అయిపోయే పనే అనుకున్నాను. మూడు నెలలు పట్టింది. మీ ఇంట్లోనూ పరిశోధన చేసే పిల్లలుంటే ఇది చదివి పెట్టుకోండి.

శాస్త్రవేత్తలకు ముఖ్యంగా మూడు దారులు. (ఈబీ అంటే ఎంప్లాయ్‌మెంట్ బేస్డ్, పనిని బట్టి ఇచ్చే గ్రీన్‌కార్డు కోటా.) ఈబీ-1ఏ అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి; ఉద్యోగమిచ్చినవాళ్లతో పని లేదు, ఎవరికి వారే వేసుకోవచ్చు. ఈబీ-1బీకి యూనివర్సిటీయో కంపెనీయో పిటిషన్ వేయాలి, కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మూడోది ఈబీ-2లో నేషనల్ ఇంటరెస్ట్ వేవర్. మన పని ఆ దేశానికి అవసరమని ఒప్పించగలిగితే ఉద్యోగ ఆఫర్, లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అక్కడివాళ్లు దొరకలేదని వాళ్ల కార్మికశాఖ ఇచ్చే కాగితం) రెండూ మాఫీ. ఏ దారైనా ఫారం ఒకటే, ఐ-140. అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో పెడితే ఈబీ-1ఏకి 15, వేవర్‌కి 45 పనిదినాల్లో ఏదో ఒక జవాబొస్తుంది.

ఈబీ-1ఏకి పది ప్రమాణాలున్నాయి, కనీసం మూడు చూపాలి. నోబెల్ లాంటిది వచ్చుంటే వేరే సంగతి. పరిశోధకులకి సాధారణంగా అందేవి: సొంతంగా పేపర్లు రాయడం, ఇతరుల పేపర్లు రివ్యూ చేయడం, తన రంగానికి కొత్తగా ఏదైనా పెద్ద విషయం చేర్చడం. మొదటి రెండూ తేలికే. రివ్యూ అందిందని జర్నల్ ఎడిటర్లు పంపిన మెయిళ్లు దాచుకుంటే చాలు. చెల్లి వాటిని ఏళ్ల తరబడి డిలీట్ చేసేసి, తర్వాత ఒక్కో ఎడిటర్నీ బతిమాలుకుంది.

చిక్కంతా మూడోదానితోనే. పేపర్ అచ్చయితే సరిపోదు, దాన్ని ఎవరు ఎలా వాడుకున్నారో చూపాలి. ఇన్ని సైటేషన్లున్నాయని (ఇతరుల పేపర్లు మన పేపర్ని ఇన్నిసార్లు ప్రస్తావించాయని) అంకె చెప్పడం కంటే, ఫలానా దేశంలో ఫలానా ల్యాబ్ నా పద్ధతితోనే తెగులు పరీక్ష చేసిందని ఆ పేరా కింద గీత గీసి పెట్టడం మేలు. సిఫార్సు లేఖలూ అంతే. గైడ్ లేఖ ఎలాగూ ఉంటుంది, ఎప్పుడూ కలిసి పనిచేయని శాస్త్రవేత్త రాసినదానికి విలువెక్కువ. "చాలా తెలివైన అమ్మాయి, మంచి కుటుంబం" అని పెళ్లిసంబంధానికి రాసినట్టు రాయిస్తే దండగ.

మూడు ప్రమాణాలు తేలాక, ఈ మనిషి నిజంగా ఆ రంగంలో పైవరసలో ఉన్నారా అని అన్నీ కలిపి మళ్లీ తూకం వేస్తారు. 2010లో కజారియన్ అనే భౌతికశాస్త్రవేత్త కేసు తీర్పు తర్వాత వచ్చిన పద్ధతిది. వేవర్‌కి 2016లో ధనసర్ అనే దరఖాస్తుదారు కేసులో వచ్చిన నిర్ణయం కొలబద్ద.

ఐ-140 పాసయినా కార్డు రాదు, క్యూ ఉంటుంది. పుట్టిన దేశాన్ని బట్టి లెక్క, ఏడాదికిచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. 2025లో ఇండియావాళ్లకి ఈబీ-2 తేదీ 2013 దగ్గర, ఈబీ-1 తేదీ 2022 దగ్గర ఉన్నాయి; అంటే ఆ తేదీలకి ముందు క్యూలో చేరినవాళ్లకే అప్పుడు వంతు వచ్చింది. అందుకే వేవర్ వచ్చినవాళ్లు కూడా ఈబీ-1కి మళ్లీ వేస్తారు. పాత ప్రయారిటీ డేట్ (క్యూలో మన చోటు చెప్పే తేదీ) దానికీ పనికొస్తుంది. తేదీ అందాక అక్కడుండేవాళ్లు ఐ-485, అంటే అసలు గ్రీన్‌కార్డు దరఖాస్తు, వేస్తారు. బర్త్ సర్టిఫికెట్ దానికే.

ఇక మన వంతు. మా ఇల్లు రాజాంలో. రెండు వారాలు రాజాంలోనే వెతికించి ఉత్త చేతులతో వచ్చాక అమ్మ తీరిగ్గా అంది: "అది పుట్టింది మీ అమ్మమ్మగారి ఊళ్లో కదురా!" పాలకొండ దగ్గర. పురుళ్లు పుట్టింట్లో పోసుకునే మన వైపు ముందు అడగాల్సింది ఇదే. పుట్టుక ఎక్కడ జరిగితే రికార్డు అక్కడే ఉంటుంది.

అక్కడ దొరికింది, కానీ పేరు గడి ఖాళీ. "ఆడపిల్ల" అని మాత్రం ఉంది. పేరు ఎక్కించడానికి టెన్త్ సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్ అడిగారు. అసలు నమోదే లేకపోతే ముందు నాన్‌అవైలబిలిటీ సర్టిఫికెట్, ఆపైన ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు. అలాంటి సర్టిఫికెట్ ఒక్కటే పెట్టకుండా టెన్త్ సర్టిఫికెట్టూ, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లూ జతచేయాలి.

జిల్లా పేరుతోనూ టెన్షన్ పడ్డాం. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత కాగితాల్లోనేమో శ్రీకాకుళం. జిల్లాలు మారాయని కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాయించాం.

తెలుగు కాగితం ప్రతిదానికీ ఇంగ్లీషు అనువాదం పెట్టాలి. నోటరీ అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చినవాళ్లు, పూర్తిగా, సరిగ్గా అనువదించానని, తనకా సామర్థ్యం ఉందని రాసి సంతకం పెడితే చాలు. మా వీధి చివర రిటైరైన ఇంగ్లీషు మాస్టారు పాత రిజిస్టరు నకలు అనువదించి పెట్టారు. ఆయన "ఆడపిల్ల" దగ్గర ఆగి, ఫిమేల్ చైల్డ్ అనాలా, గర్ల్ అనాలా అని పావుగంట ఆలోచించారు.