మెనియర్స్ వ్యాధి: రోజూ వేసుకునే మాత్ర, తల తిరిగినప్పుడు వేసుకునే మాత్ర

లోపలి చెవిలోని ద్రవం ఎక్కువై తల తిరగడం, చెవిలో హోరు, చెవి దిబ్బడ, వినికిడి తగ్గడం కలిసి వచ్చే జబ్బును మెనియర్స్ వ్యాధి అంటారు. 1861లో ప్రాస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇటువంటి తలతిరుగుడుకు మూలం చెవిలో ఉందని చెప్పాడు. పక్క మీద ఒత్తిగిలినప్పుడు కొద్ది క్షణాలు మాత్రమే తిరిగితే అది వేరే సమస్య కావచ్చు. దానికి మాత్రల కన్నా తలను ఒక క్రమంలో తిప్పి చేసే చికిత్స మేలు.

మన దగ్గర ఎక్కువగా రాసే మాత్ర బీటాహిస్టిన్. సాధారణంగా 16 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు గాని, 24 మిల్లీగ్రాములు రెండుసార్లు గాని ఇస్తారు. కడుపులో మంట రాకుండా భోజనంతో పాటు వేసుకోవాలి. ఉబ్బసం, కడుపులో పుండు, అడ్రినల్ గ్రంథి కణితి ఉన్నవారు ముందే వైద్యుడికి చెప్పాలి. ఇది రోజూ వేసుకోవలసిన మందు. తల తిరుగుతున్నప్పుడు ఒకటి మింగితే వెంటనే ఆగదు. అయితే 2016లో వెలువడిన జర్మనీ పరిశోధనలో 221 మందిని తొమ్మిది నెలలు గమనించగా, ఈ మందు వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ తేడా కనబడలేదు, రెండు వర్గాల్లోనూ తలతిరుగుడు తగ్గింది. అందువల్ల తల తిరిగిన తేదీ, ఎంతసేపు తిరిగింది, హోరు ఏ చెవిలో అన్నవి క్యాలెండరులోనే రాసుకొని, మందు పనిచేస్తున్నదో లేదో కొన్ని నెలల తరువాత వైద్యుడితో కలిసి తేల్చుకోవడం మంచిది.

తల తిరిగి వాంతులయ్యేటప్పుడు వేసుకునేవి ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటివి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వేసుకోగానే హాయిగా ఉందని పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కుంటారు. చెవి నుంచి వచ్చే తప్పుడు సంకేతాలకు మెదడు క్రమంగా అలవాటు పడుతుంది. ఈ మందులు ఆ అలవాటును ఆలస్యం చేస్తాయి. పెద్దవారిలో కాఫీ గ్లాసు పట్టుకున్న చేయి వణకడం, అడుగు ముందుకు పడకపోవడం మొదలైతే వయసు వల్లనే అనుకోకుండా, ఈ మందుల వల్లనేమోనని చీటీ తీసి చూడాలి. రెండు మూడు రోజులకు మించి వీటిని సొంతంగా వాడకూడదు, మగత వస్తుంది కనుక బండి నడపకూడదు.

ఊరగాయ, అప్పడం వంటి ఉప్పు ఎక్కువగా ఉండేవి తగ్గించమంటారు. కొందరికి నీరు తీసే మాత్రలిచ్చి పొటాషియం పరీక్ష చేయిస్తారు.

మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి పడిపోయినా మాత్రల కోసం వెతకకుండా 108కి ఫోన్ చేయాలి.

మందులతో తగ్గనివారికి కర్ణభేరి గుండా స్టెరాయిడ్ గాని, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ గాని సూదితో ఇస్తారు. జెంటామైసిన్ వల్ల ఉన్న వినికిడి కూడా తగ్గే ప్రమాదం ఉన్నందున, ఒప్పుకొనే ముందు వినికిడి పరీక్ష చేయించుకోవాలి.