బెల్ట్ పెట్టినా నడుం పట్టేస్తోందా? ముందు ఒక కన్నం వదులు చెయ్యండి

విజయనగరం, నెల్లిమర్ల, రాజాం, ఇటు ఆమదాలవలస, నరసన్నపేట, ఏ జిమ్ముకెళ్ళినా బరువులెత్తేటప్పుడు నడుంకి కట్టే బెల్ట్ గురించి అడిగేవి నాలుగైదు ప్రశ్నలే, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ ఎలా చెయ్యాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను, బార్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఇక్కడ చెప్పను.

అన్నిటికంటే ముందు ఒక చెక్ ఉంది, దండం పెట్టి చెప్తున్నాను, అది చెయ్యకుండా కిందకి చదవొద్దు. బెల్ట్ తీసెయ్యండి. మీ మ్యాక్స్‌లో, అంటే మీరు ఒక్కసారి ఎత్తగలిగే అతి పెద్ద బరువులో, 60 శాతం వేసుకుని 5 రెప్స్ (అయిదుసార్లు) చెయ్యండి, పక్క నుంచి ఎవరిచేతైనా ఫోన్లో వీడియో తీయించుకోండి. అప్పుడు కూడా అదే చోట అదే నొప్పి వస్తే మీ సమస్య బెల్ట్ కాదు, ఫారమ్ అయినా అయ్యుండాలి, నిన్న మొన్న చేసిన బరువు నుంచి ఒళ్ళు కోలుకోకపోవడమైనా అయ్యుండాలి, కాబట్టి కొత్త బెల్ట్ కొనడం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్నదా 13దా అని రాత్రంతా వెతకడం వల్ల పైసా ఉపయోగం లేదు. బెల్ట్ లేకుండా హాయిగా ఉండి, పెడితేనే నొప్పి వస్తుంటే అప్పుడు బెల్ట్ సంగతి చూద్దాం. రెండు నిమిషాల పని ఇది, అయినా పదిమందిలో ఒక్కడు కూడా చెయ్యడు, నేరుగా వచ్చి "ఏ కంపెనీ బెల్ట్ మంచిదన్నా" అని అడుగుతాడు.

ఇంకో మాట. నొప్పి నడుం దగ్గర ఆగకుండా పిర్ర మీదుగా కాల్లోకి జారుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, కాల్లో బలం తగ్గినట్టున్నా బరువులు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒంటికి, రెంటికి కంట్రోల్ తప్పినట్టుంటే రేపు ఎల్లుండి అనకండి, అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. గజ్జల్లో ఉబ్బులా కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, దాని మీద బెల్ట్ బిగించి లిఫ్ట్ చెయ్యడం చాలా ప్రమాదం.

సమస్య: బెల్ట్ లేకుండా బాగుంది, బెల్ట్ పెట్టి బరువు పెంచితేనే నడుం పట్టేస్తోంది

ఎక్కువమందిని ముంచేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఎలా మొదలవుతుందంటే, కుర్రాడు వార్మప్ సెట్లు బెల్ట్ లేకుండా చేస్తాడు, ఏ ఇబ్బందీ ఉండదు. బరువు పెరిగాక బెల్ట్ పెడతాడు. స్క్వాట్‌లో అడుగుకి దిగినప్పుడో, డెడ్‌లిఫ్ట్‌లో బార్ నేల వదిలినప్పుడో వెన్ను కింద రెండు పక్కలా కరుచుకున్నట్టు అవుతుంది. మర్నాడు పొద్దున్న మొహం కడుక్కోడానికి వంగితే కలుక్కుమంటుంది. అప్పుడు వాడికి వచ్చే మొదటి ఆలోచన, బెల్ట్ వదులైపోయింది అని. ఇంకో కన్నం బిగిస్తాడు. బిగించాక లోపల గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, ధైర్యం వస్తుంది, ఇంకో అయిదు కిలోలు వేస్తాడు. వారం తిరిగేసరికి "అన్నా, బెల్ట్ ఎట్టినా నడుం పట్టేత్తంది, ఏటి సెయ్యాల" అని వస్తాడు.

కారణం ఆ బిగింపే. చాలామంది బెల్ట్ ఎలా పెడతారో గమనించండి. ఊపిరి మొత్తం వదిలేసి, పొట్ట వెన్నుకి అంటుకునేలా లోపలికి లాక్కుని, చాలకపోతే ఫ్రెండ్‌ని పిలిచి లాగమని, ఆఖరి కన్నంలో బకిల్ పెడతారు. ఇప్పుడు ఊపిరి పీల్చితే ఎక్కడికి వెళ్తుంది? పొట్టలోకి దిగడానికి చోటే లేదు కదా, పైకి ఛాతీలోకి పోతుంది. భుజాలు లేస్తాయి, ముందు వైపు పక్కటెముకలు పైకి తెరుచుకుంటాయి, దాంతోపాటు నడుం వెనక లోపలికి వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద వంద కిలోలో నూటయాభై కిలోలో పెట్టి దింపుతున్నారు. నడుం పట్టెయ్యక ఏం చేస్తుంది?

బెల్ట్ నడుంని బయట నుంచి పట్టుకుని నిలబెడుతుంది అనుకోవడం దగ్గరే అసలు తప్పు ఉంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ) కిందకి దిగుతుంది, పొట్ట చుట్టూ ఉన్న కండరాలు బయటికి నెడతాయి, వాటికి అడ్డంగా బెల్ట్ ఉంటుంది కాబట్టి కడుపు లోపల ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషరే వెన్నుని కదలకుండా నిలబెడుతుంది. బైక్ టైరు ఎంత మంచిదైనా ట్యూబులో గాలి లేకపోతే బండి కూలబడుతుంది, బెల్ట్ కూడా అంతే, లోపల నుంచి నెట్టేది లేకపోతే అది తోలు ముక్క.

మరి ఇది ఎందుకు దొరకదు అంటే, మొదటిది, బెల్ట్ ఒత్తిడి, పొట్ట బిగుతు రెండూ ఒంటికి ఒకేలా తెలుస్తాయి. పొట్ట ఏ పనీ చెయ్యకపోయినా బెల్ట్ నొక్కుతుంటే "బ్రేస్ (పొట్ట చుట్టూ బిగింపు) బాగుంది" అనిపిస్తుంది. రెండోది, వీడియోలో కూడా కనపడదు, ఎందుకంటే తప్పు జరిగే చోటునే బెల్ట్ కప్పేస్తుంది. బెల్ట్ లేని వీడియో చూస్తే ఫారమ్ చక్కగా ఉంటుంది, బెల్ట్ ఉన్న వీడియోలో నడుం కనపడదు, దాంతో ఫారమ్ బాగానే ఉంది కదా అని అక్కడ తప్ప అన్నిచోట్లా వెతుకుతారు, షూ మారుస్తారు, స్టాన్స్ మారుస్తారు, ఫిజియో దగ్గరికి వెళ్తారు. వీడియో తీసినప్పుడు నడుం చూడకండి, భుజాలు చూడండి. ఊపిరి తీసుకునేటప్పుడు భుజాలు చెవుల వైపు లేచాయంటే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు సరిచెయ్యడం. బెల్ట్ ఒక కన్నం వదులు చెయ్యండి. మామూలుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదిలాక బెల్ట్‌కీ పొట్టకీ మధ్య ఒక వేలు దూరాలి, చెయ్యి మొత్తం దూరిపోతే మరీ వదులు. ఇప్పుడు బొటనవేళ్ళు వెనక వైపు, మిగతా వేళ్ళు పక్కలకి ఉండేలా బెల్ట్ మీద చేతులు పెట్టుకుని ఊపిరి కిందకి తీసుకోండి. బెల్ట్ ముందు ఒక్కటే కాదు, రెండు పక్కలా, వెనక కూడా బిర్రుగా అవ్వాలి. పొట్ట ముందుకి తోసేసి అయిపోయింది అనుకుంటారు కొంతమంది, అది సగం పనే. ఎలా నెట్టాలో తెలియకపోతే చిన్నగా ఒకసారి దగ్గండి, దగ్గినప్పుడు నడుం చుట్టూ ఏది గట్టిపడిందో అదే కావాలి, దాన్నే పట్టి ఉంచాలి. అది కూడా పట్టుబడకపోతే వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, చేతులు పక్కల మీద పెట్టుకుని ఛాతీ లేవకుండా ఊపిరి తీసుకోవడం రోజూ కాసేపు చెయ్యండి.

వరస తప్పకూడదు. ముందు బకిల్, తర్వాత ఊపిరి, పక్కటెముకలు కిందకే ఉంచి చుట్టూ నెట్టడం, ఆ తర్వాతే బార్ ర్యాక్ నుంచి తియ్యడం. ప్రతి రెప్‌కీ పైన నిలబడ్డాక ఊపిరి మళ్ళీ తీసుకోండి, అడుగున ఉన్నప్పుడు మాత్రం వదలొద్దు. ఓ రెండు మూడు వారాలు 70 శాతం దాటకుండా ఇలాగే చెయ్యండి. బరువు తగ్గించమంటే మొహం మాడ్చుకుంటారు, కానీ ఈ అలవాటు పెద్ద బరువు కింద నేర్చుకునేది కాదు.

కన్నం కూడా ఒకటే శాశ్వతం కాదు. రెండు కన్నాల మధ్య దూరం సుమారు ఒక అంగుళం, అది పొట్ట మీద చాలా తేడా. ఉదయం ఖాళీ కడుపుకి సరిపోయిన కన్నం సాయంత్రం టిఫిన్ తిన్నాక సరిపోదు, సంక్రాంతికి నాలుగు రోజులు అరిసెలు, జంతికలు తిన్నాక అసలే సరిపోదు. స్క్వాట్‌కి బాగున్న కన్నం డెడ్‌లిఫ్ట్‌కి వంగినప్పుడు ఊపిరాడనివ్వదు, అప్పుడు ఒకటి వదులు చేసుకోండి. రెండిటి మధ్యలో పడితే వదులుగా ఉన్నదే ఎంచుకోండి.

సమస్య: పక్కటెముకలకో తుంటి ఎముకకో గుచ్చుకుంటోంది

బెల్ట్ బొడ్డు చుట్టూ ఉండాలి, ప్యాంటు బెల్ట్ కట్టే చోట కాదు. ఒక అంగుళం పైకి జరిపి చూడండి, డెడ్‌లిఫ్ట్‌కైతే ఇంకాస్త పైకి, చాలామందికి దీంతోనే పోతుంది. పోకపోతే పక్కటెముకకీ తుంటికీ మధ్య మీ చోటే తక్కువ, 10 సెంటీమీటర్ల వెడల్పు మీకు ఎక్కువ, 7 లేదా 8 సెంటీమీటర్లది తీసుకోండి. పొట్టిగా ఉండే అమ్మాయిలకి ఇది మరీ ఎక్కువ, జిమ్ములో గోడకి వేలాడే మగాళ్ళ బెల్ట్ పెట్టి "అలవాటవుతుందమ్మా" అని సరిపెడుతుంటారు, అలవాటవ్వదు. కొత్త తోలు బెల్ట్ మొదట్లో ఒరుసుకోవడం మాత్రం మామూలే, కొద్దిరోజుల్లో మెత్తబడుతుంది.

సమస్య: బెల్ట్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే, ఏ తేడా లేదు

మీరు పెట్టింది లిఫ్టింగ్ బెల్టేనా చూడండి. మెడికల్ షాపులో నడుం నొప్పికి ఇచ్చే ఎలాస్టిక్ బెల్ట్ పెట్టుకుని స్క్వాట్ చేసేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, అది సాగుతుంది, మీరు నెడితే తిరిగి నెట్టదు, ఈ పనికి పనికిరాదు. స్పోర్ట్స్ షాపుల్లో ఎక్కువగా అమ్మేది వెనక 6 అంగుళాలు, ముందు రెండు రెండున్నర ఉండే బెల్ట్, అది చూడ్డానికి బలంగా ఉంటుంది కానీ పొట్ట నెట్టాల్సిన ముందు వైపే సన్నం. చుట్టూ ఒకే వెడల్పు ఉన్నది అయితే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌కి మేలు.

సమస్య: బెల్ట్ లేకపోతే సగం బరువు కూడా భయంగా ఉంది

జిమ్ములోకి వచ్చింది మొదలు వెళ్ళేదాకా, బైసెప్ కర్ల్‌కి కూడా బెల్ట్ పెట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఎప్పుడు పెట్టాలో సూటిగా చెప్తాను. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, క్లీన్ (బార్‌ని నేల నుంచి భుజాల మీదకి లాగడం), జెర్క్ (అక్కడ్నుంచి తల మీదకి ఎత్తడం), నిలబడి చేసే ప్రెస్, వీటిలో మీ మ్యాక్స్‌లో సుమారు 80 శాతం దాటాక, అయిదు రెప్స్ లోపు చేసే సెట్లకి పెట్టండి. వార్మప్‌కి వద్దు. లాట్ పుల్‌డౌన్, కర్ల్, మెషిన్లకి అసలు అవసరమే లేదు, బెంచ్ ప్రెస్‌కి కూడా మామూలుగా అక్కర్లేదు. జిమ్ముకి వచ్చి నెలలు కూడా కాని కుర్రాడికి బెల్ట్ వద్దు, ముందు ఊపిరి పట్టడం ఒంటితో నేర్చుకోవాలి. భయం పోవాలంటే ప్రతి సెషన్‌లో బెల్ట్ లేని సెట్ల బరువుని కొద్దికొద్దిగా, రెండున్నర కిలోల చొప్పున పెంచుకుంటూ రండి.

ఆమదాలవలస దగ్గర మన ఊసవానిపేటలో బార్ పట్టిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో, 2000 ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తల మీదకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. 130 కిలోలు తల మీద నిలబడాలంటే నడుం చుట్టూ ఉన్న కండ పనిచెయ్యాలి, బెల్ట్ ఆ కండకి సాయం చేస్తుంది అంతే. కానిస్టేబుల్ సెలక్షన్లకి, ఆర్మీకి తయారవుతున్న కుర్రాళ్ళు మన జిల్లాల్లో చాలామంది, వాళ్ళకైతే ఆ కండ మరీ ముఖ్యం, గ్రౌండ్‌లో పరిగెత్తేటప్పుడు బెల్ట్ ఉండదు.

రోజంతా బస్తాలు మోసేవాళ్ళు కూడా అడుగుతుంటారు, బెల్ట్ పెట్టుకుంటే నడుంకి మంచిదా అని. అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే చెప్పింది, ఆరోగ్యంగా ఉన్న పనివాళ్ళకి బెల్ట్ దెబ్బలు తగలకుండా ఆపుతుందనడానికి తగిన ఆధారం లేదని. కాబట్టి బెల్ట్ ఉంది కదా అని ఇంకో బస్తా ఎక్కువ వేసుకోవద్దు.

సమస్య: సెట్ అయ్యాక తల తిరుగుతోంది, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి

ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు బీపీ బాగా పెరుగుతుంది, వదలగానే ఒక్కసారి పడుతుంది. ఒకే ఊపిరి మీద నాలుగైదు రెప్స్ లాగొద్దు, బార్ ర్యాక్‌లో పెట్టగానే బెల్ట్ వదులు చేసి నెమ్మదిగా నడవండి. బీపీ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య కడుపుకి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇలా ఊపిరి బిగబట్టే లిఫ్ట్‌లు చెయ్యొద్దు, బెల్ట్ ఉన్నా లేకపోయినా.

సమస్య: క్లీన్, స్నాచ్‌లో బార్ బెల్ట్‌కి తగులుతోంది

పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ పోటీ) వాళ్ళ 13 మిల్లీమీటర్ల మందం ఉన్న లివర్ బెల్ట్ (బకిల్ బదులు మీట నొక్కి బిగించేది) దీనికి వాడుతున్నారు మీరు. మార్చండి. వెయిట్‌లిఫ్టింగ్‌కి (స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్) పల్చగా, ముందు సన్నగా ఉన్న తోలుదో, నైలాన్ వెల్క్రోదో బాగుంటుంది, స్నాచ్‌కి చాలామంది అసలు పెట్టుకోరు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ లిఫ్టర్లలా మీట్లకి (పోటీలకి) వెళ్ళాలనుకుంటే వెయిట్‌లిఫ్టింగ్‌లో బెల్ట్ వెడల్పు ఎక్కడా 12 సెంటీమీటర్లు దాటకూడదు, కాస్ట్యూమ్ పైనే పెట్టాలి, అంటే పైన చెప్పిన 6 అంగుళాల బెల్ట్‌తో ప్లాట్‌ఫారం ఎక్కనివ్వరు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య రూల్ ప్రకారమైతే వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండకూడదు.

ఇంక అరుదుగా వచ్చేవి. వెల్క్రో మధ్యలో ఊడిపోతే దాంట్లో దారాలు, వెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి, పాత టూత్‌బ్రష్‌తో గీకండి, అయినా ఊడితే మార్చేయడమే. లివర్ టపటపలాడితే స్క్రూలు బిగించండి. తోలు పగుళ్ళిస్తే దాని పనైపోయింది. వానాకాలం మన సముద్రపు తేమకి తోలు మీద బూజు పడుతుంది, పొడిగుడ్డతో తుడిచి నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి, చెమట బెల్ట్‌ని చుట్టి బ్యాగులో పడేసి మర్నాడు తియ్యొద్దు.