ప్రసూతి సెలవు అడిగే ముందు జాగ్రత్తలు

పైడిభీమవరం ఫార్మా కంపెనీ కావచ్చు, విజయనగరంలో పదిమంది పనిచేసే బట్టల షాపు కావచ్చు, ముందు పనిదినాలు లెక్కేసుకోండి. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు మీ హక్కు. కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోలేరు. మూడో కాన్పుకైతే 12 వారాలే.

జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే డబ్బు యజమానిని కాదు, ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడగాలి.

నోటిమాటగా అడగొద్దు. చాలా కేసులు ఇక్కడే దెబ్బతింటాయి, రేపు "అసలు అడగలేదు" అనేస్తారు. దరఖాస్తు రెండు కాపీలు రాయండి: సెలవు మొదలయ్యే తేదీ, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ, డబ్బు ఎవరికివ్వాలో పేరు. రెండో కాపీ మీద తేదీ వేయించి, సంతకం, స్టాంపు తీసుకోండి. వాళ్లు దరఖాస్తు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పే స్లిప్పులు, హాజరు ఫొటోలు ఇంట్లో ఉంచుకోండి.

ఈ దరఖాస్తు ముందుగా ఇవ్వలేకపోయినా హక్కు పోదు, కాన్పయ్యాక వీలైనంత త్వరగా ఇవ్వచ్చు.

రాజీనామా కాగితం మీద మాత్రం ఎంత ఒత్తిడి చేసినా సంతకం పెట్టకండమ్మా. సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. తీసేసినట్టు తెలిపిన నాటి నుంచి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

సెలవు నిరాకరిస్తే కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వకీలు ఖర్చుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100.