విదేశీ ప్రయాణంలో ఛార్జింగు – 4వ పాఠం: పిన్ను మారితే వోల్టేజీ మారదు

పోయిన పాఠంలో దేశదేశాల సాకెట్ల ఆకారాలు చూశాం. ఈ పాఠాన్ని పవర్ బ్యాంకులకూ విమాన నిబంధనలకూ కేటాయించాలనుకున్నాను. మీ అభ్యాసాలు చదివాక క్రమం మార్చక తప్పలేదు. ఇంట్లోని ప్రతి ఛార్జరు మీదా ఏముందో చూసి రాయమంటే, చాలామంది "5 వోల్టులు, 3 ఆంపియర్లు" అనో, "20 వోల్టులు" అనో రాశారు. అది అవుట్‌పుట్ వరుస, అంటే ఛార్జరు మీ ఫోనుకో ల్యాప్‌టాప్‌కో ఇచ్చేది. ప్రయాణానికి కావలసింది ఇన్‌పుట్ వరుస, అంటే ఛార్జరు గోడ నుంచి తీసుకునేది. సాధారణంగా పై వరుస అదే.

ఇంతకంటే పెద్ద చిక్కు మరో రెండు ఉత్తరాల్లో కనిపించింది. కూతురి దగ్గరకు డాలస్ వెళ్లిన ఒకావిడ ఇక్కడి నుంచి తీసుకెళ్లిన కెటిల్‌ను అడాప్టరుతో గోడకు పెట్టారు. ఎర్రదీపం వెలిగింది, నీళ్లు మాత్రం ఎంతకీ మరగలేదు. అడాప్టరు నాసిరకమా అని అడిగారు. అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన హెయిర్ డ్రయరును విజయవాడలో వాడబోయిన మరొకరికి కాలిన వాసన, వెంటనే పొగ. ఆమె కూడా అడాప్టరునే అనుమానించారు. రెండు చోట్లా అడాప్టరు తన పని సరిగ్గానే చేసింది.

అడాప్టరు మార్చేది పిన్ను ఆకారాన్ని మాత్రమే. విప్పి చూస్తే లోపల లోహపు రేకులు, ప్లాస్టిక్కు, ఒక్కోసారి చిన్న ఫ్యూజు, అంతే. గోడలో ఉన్న వోల్టేజీ యథాతథంగా మీ పరికరానికి చేరుతుంది. గరాటు సీసా మూతికి సరిపోతుంది గానీ అందులో పోసిన నూనెను నీళ్లుగా మార్చదు కదా.

మన ఇళ్లలో ఉండేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె). బ్రిటన్, ఐరోపా, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో పిన్నులు వేరైనా వోల్టేజీ దాదాపు ఇదే. గల్ఫ్ దేశాల్లో సాధారణంగా 220 నుంచి 240 మధ్య ఉంటుంది. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే. ఈ వివరం చూశాక డాలస్ ఉత్తరం రాసిన ఆవిడ పొరపాటుకు కారణం నాకు అర్థమైంది. అంతకుముందు ఆమె దుబాయిలో కొడుకు ఇంట్లో ఉండి వచ్చారు. అక్కడ అదే కెటిల్, అడాప్టరు సాయంతోనే, హాయిగా పనిచేసింది. మన కుటుంబాల్లో మొదటి విదేశీ ప్రయాణం గల్ఫ్‌కే అయినవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడ పిన్ను మార్చుకుంటే చాలు, అన్నీ పనిచేస్తాయి. ఆ అనుభవంతో అమెరికా వెళ్తే లెక్క తప్పుతుంది.

లెక్క ఎంత తప్పుతుందో చూడండి. వేడిచేసే తీగ నిరోధం దాదాపు మారదు కాబట్టి, వాట్లు వోల్టేజీ వర్గానికి అనులోమంగా మారతాయి. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు తీసుకునే కెటిల్‌కు 120 వోల్టులు ఇస్తే వచ్చేది సుమారు 400 వాట్లు. వోల్టేజీ దాదాపు సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది. నాలుగు నిమిషాల్లో మరిగే లీటరు నీళ్లకు దాదాపు పావుగంట కావాలి. ఇందులో ప్రమాదం లేదు, విసుగే. హెయిర్ డ్రయరు కథ దీనికి తలకిందులు. 120 వోల్టులకు చేసిన 1500 వాట్ల డ్రయరు 230 వోల్టుల మీద సుమారు 5500 వాట్లు లాగబోతుంది. తీగ, మోటారు, ప్లాస్టిక్కు ఏదీ దానికి తట్టుకోదు. ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువకు వెళ్తే వస్తువు నీరసిస్తుంది, తక్కువ నుంచి ఎక్కువకు వస్తే కాలిపోతుంది. అమెరికా నుంచి సామాను తెచ్చుకునేవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నన్ను బాగా చికాకు పెట్టే విషయానికి వస్తాను. అడాప్టరు మీద కూడా "100–240 వోల్టులు" అని అచ్చు వేస్తారు. అది చదివి, ఈ అడాప్టరు ఏ దేశపు వోల్టేజీనైనా మనకు సరిపడేలా మారుస్తుందని అనుకుంటారు. అట్టపెట్టె మీద "ప్రపంచమంతా పనిచేస్తుంది" అని పెద్ద అక్షరాలుంటే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. ఆ అంకెలకు అర్థం ఒక్కటే: ఈ వోల్టేజీల మధ్య అడాప్టరు తాను చెడిపోకుండా ఉంటుంది. దానికి తగిలించే వస్తువు గురించి అది ఏ హామీ ఇవ్వడం లేదు. అదే అడాప్టరు మీద "110 వోల్టులకు 660 వాట్లు, 250 వోల్టులకు 1500 వాట్లు" అని కూడా కొన్నిసార్లు ఉంటుంది. ఆ రెండు అంకెలు చూసి వోల్టేజీ మార్చే మీట ఎక్కడుందని వెతికినవాళ్లున్నారు. దాని వెనకున్నది గుణకారమే. అడాప్టరు ఓర్చుకునేది 6 ఆంపియర్లు. 110ని 6తో గుణిస్తే 660. 250ని 6తో గుణిస్తే 1500. కాబట్టి అడాప్టరు మీది రాతను చూసి మీ వస్తువు గురించి నిర్ణయించకండి. చదవాల్సింది వస్తువు మీద, లేదా దాని ఛార్జరు మీద, ఇన్‌పుట్ అన్న వరుస. అక్కడ "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే పిన్ను మార్చుకుని ఎక్కడైనా వాడండి. "230 వోల్టులు" అనో "220–240 వోల్టులు" అనో మాత్రమే ఉంటే అది అమెరికాకు, జపాన్‌కు పనికిరాదు. "120 వోల్టులు" అని మాత్రమే ఉంటే దాన్ని ఇక్కడి గోడకు తగిలించకండి.

ఆ చిన్న వరుసలో ఎంత పని ఇమిడి ఉందో చూడండి. 100 అన్న అంకె జపాన్‌కు సరిపోయేందుకే. ఇక 50/60 అన్న జత ఆ దేశం లోపలే అక్కరకొస్తుంది. 1895లో టోక్యో జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు తెప్పించింది. మరుసటి ఏడాది ఒసాకా అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌వి తెచ్చుకుంది. ఈనాటికీ జపాన్ తూర్పున ఒకటి, పడమరన మరొకటి. మీ ఫోను ఛార్జరుకు ఆ తేడా తెలియనే తెలియదు.

ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాల ఛార్జర్లు ఇప్పుడు దాదాపు అన్నీ 100–240 రకమే. అందుకని బ్యాటరీ ఉన్న ప్రతిదీ అలాగే ఉంటుందని తీర్మానించకండి. విద్యుత్ టూత్‌బ్రష్ నిలబెట్టే పీఠాలు, ట్రిమ్మర్లు, పాత షేవర్లు ఒకే వోల్టేజీకి చేసినవి చాలా ఉన్నాయి. నిద్రలో శ్వాసకు వాడే సీపాప్ యంత్రం, నెబ్యులైజర్ తీసుకెళ్లే పెద్దవాళ్లు ఉంటే ఆ ఇన్‌పుట్ వరుసను వాళ్ల పిల్లలే స్వయంగా చదవాలి. టార్చి వేసి చూడండి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. సీపాప్‌లు ఎక్కువగా రెండు వోల్టేజీలకూ పనిచేస్తాయి. నెబ్యులైజర్లలో 230కే పరిమితమైనవి మన మార్కెట్లో మామూలు.

వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మోసుకెళ్లకండి. 1500 వాట్లకు సరిపడే అసలైన ట్రాన్స్‌ఫార్మరు కిలోల బరువు ఉంటుంది. జేబులో పట్టేంత తేలికగా ఉండి అంతే వాట్లు రాసుకున్నవి విద్యుత్ తరంగాన్ని కోసి పంపుతాయి. వేడిచేసే వస్తువులకు ఓ మాదిరిగా పనికొస్తాయేమో గానీ, ఎలక్ట్రానిక్ వస్తువులను వాటికి తగిలించకూడదు. కెటిల్, ఇస్త్రీ పెట్టె, మిక్సీ ఏదైనా వెళ్లిన ఊళ్లో కొనండి. అమెరికాలోని మనవాళ్ల ఇళ్లలో అక్కడి వోల్టేజీకి సరిపోయే మిక్సీ ఎలాగూ ఉంటుంది.

అడాప్టర్లకంటే నాకు నచ్చిన దారి తీగ మార్చడం. చాలా ల్యాప్‌టాప్ ఛార్జర్లకు గోడ వైపు తీగ విడిగా ఊడి వస్తుంది. తీగ చివర ఎనిమిది అంకెలా రెండు గుండ్రాలు ఉండవచ్చు, లేదా మూడు గుండ్రాలు కలిసిన ఆకారం ఉండవచ్చు. అదే ఆకారం, వెళ్లే దేశపు పిన్ను ఉన్న తీగ ఒకటి కొంటే అడాప్టరుతో పని లేదు. గోడకు వేలాడుతూ జారిపోయే బరువు ఉండదు, మూడు పిన్నులదైతే ఎర్త్ కూడా తెగదు. అడాప్టరు ఎర్త్‌ను వదిలేసినప్పుడు ల్యాప్‌టాప్ లోహపు పైభాగం మీద చెయ్యి పెడితే జివ్వుమనడం మీలో కొందరు గమనించే ఉంటారు. జపాన్‌లో మాత్రం గోడల్లో ఎక్కువగా రెండు చీలికలే ఉంటాయి. అమెరికా మూడు పిన్నుల తీగ వాటిలో దూరదు. అక్కడికి రెండు పిన్నులది తీసుకెళ్లండి.

కుటుంబమంతా వెళ్తుంటే ఇక్కడి మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి, మంచి అడాప్టరు ఒకటి చాలు. నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు కలిపినా 300 వాట్లు దాటడం అరుదు. కానీ అమెరికాలో కొన్న సర్జ్ రక్షణ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే ఏర్పాటు) ఉన్న పవర్ స్ట్రిప్‌ను ఇక్కడికి తెచ్చి వాడకండి. దానిలోని రక్షణ భాగం 120 వోల్టులకు తగ్గట్టు చేసినది. 230 తగలగానే అది కాలిపోతుంది, మంటలు కూడా రావచ్చు.

బ్రిటన్, గల్ఫ్, సింగపూర్ సాకెట్ల విషయంలో ఒక చెడ్డ అలవాటు మానుకోండి. అక్కడి సాకెట్లలో పొడవాటి ఎర్త్ పిన్ను ముందుగా లోపలికి వెళ్తే తప్ప మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుచుకోవు. రెండు పిన్నుల ప్లగ్గును దూర్చడానికి ఎర్త్ రంధ్రంలో పెన్నో స్క్రూడ్రైవరో గుచ్చేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ మూతలు పెట్టింది పిల్లల వేళ్ల కోసం. ప్లగ్గు వదులుగా కూర్చుని వేడెక్కుతుంది కూడా. అడాప్టరు కొనండి.

ఉదయానికి ఫోను ఖాళీగా ఉందని రాసినవాళ్లకు ఒక మాట. అమెరికా సాకెట్లకు మనలా పక్కన స్విచ్చి ఉండదు. కానీ కొన్ని గదుల్లో సాకెట్‌లో ఒక సగం తలుపు దగ్గరి స్విచ్చికి కలిపి ఉంటుంది. లైటు ఆర్పి పడుకుంటే ఛార్జింగూ ఆగిపోతుంది. కార్డు గుచ్చితే కరెంటు వచ్చే హోటళ్లలో, కార్డు తీసుకుని బయటకు వెళ్తే పవర్ బ్యాంకుకు ఛార్జి ఎక్కదు. ఫ్రిజ్ సాకెట్‌కు చాలాచోట్ల కరెంటు ఆగదు, అక్కడ పెట్టి వెళ్లండి.

ఇక పవర్ బ్యాంకు. దాని మీద సామర్థ్యాన్ని ఎంఏహెచ్‌లో రాస్తారు, విమాన సంస్థలు మాత్రం వాట్ అవర్లలో చూస్తాయి. ఎంఏహెచ్‌ను లోపలి బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 10,000 అంటే 37. 20,000 అంటే 74. 27,000 అంటే 99.9. విమానంలో 100 వరకు మామూలుగా అనుమతి ఉంటుంది. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి, ఆపైన తీసుకెళ్లనివ్వరు. 30,000 అంటే 111, కాబట్టి కొనవద్దు. ఎప్పుడైనా చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. 2025లో నిబంధనలు ఇంకా బిగిశాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో ఛార్జింగు ఆపేసింది. హైదరాబాద్ నుంచి దుబాయి మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కే ఎమిరేట్స్ అక్టోబరు 1 నుంచి వాడకం నిషేధించి, మనిషికి ఒక్కటే అనుమతిస్తోంది. చైనాలో దేశీయ విమానమెక్కాలంటే జూన్ 28 నుంచి వాళ్ల 3సీ అనే భద్రతా ధ్రువీకరణ గుర్తు ఉండాల్సిందే. మన దగ్గర కొన్నదానిపై అది ఉండకపోవచ్చు. టికెట్టు కొన్నాక మీ విమాన సంస్థ నిబంధన మరోసారి చూడండి.

20,000 ఎంఏహెచ్ నుంచి 5,000 ఎంఏహెచ్ ఫోనుకు నాలుగుసార్లు వస్తుందని లెక్క వేయకండి. మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. మూడుసార్లు వస్తే మంచి పవర్ బ్యాంకే.

అభ్యాసం: ఒక రాత్రి ఇంట్లోనే ప్రయాణంలో ఉన్నట్టు గడపండి. గోడ సాకెట్ ఒక్కటే, సంచిలో పెట్టే ఛార్జర్లు, తీగలు మాత్రమే. ఇంటిల్లిపాదీ ఫోన్లు, ల్యాప్‌టాప్, గడియారం, పవర్ బ్యాంకు అన్నీ 20 శాతానికి దించి, రాత్రి పదికి పెట్టి, ఉదయం ఆరుకు ఏది ఎంత నిండిందో రాయండి. రెండో భాగం: శంషాబాద్ నుంచి దుబాయి, అక్కడి నుంచి టోక్యో, ఆపైన శాన్‌ఫ్రాన్సిస్కో అనుకుని, ఒక్కో ఊళ్లో పిన్ను ఏది, వోల్టేజీ ఎంత, మీ వస్తువుల్లో ఏది పనిచేయదు అన్నది పట్టికగా రాసి పంపండి. ప్రతి వస్తువు పక్కనా ఇన్‌పుట్ వరుసను అక్షరం మార్చకుండా ఎత్తి రాయండి. ఆ వరుస అరిగిపోయి కనిపించకపోతే ఊహించి నింపకుండా ఖాళీగా వదలండి, ఆ వస్తువును సంచిలోంచి తీసేయండి.