నోనోగ్రామ్ పజిల్‌తో నలుగురూ కలిసి క్రాస్ స్టిచ్ కుట్టడం ఎలా?

నోనోగ్రామ్ అంటే గళ్ల పజిల్. గళ్ల పైనా పక్కనా అంకెలుంటాయి. వరుస పక్కన 3 1 అని ఉంటే ఆనుకుని మూడు గళ్లు, కనీసం ఒక ఖాళీ, ఆ తర్వాత ఒక గడి నింపాలి. అన్నీ సరిగ్గా నింపితే బొమ్మ బయటపడుతుంది. 1987లో టోక్యోలో ఎత్తైన భవనాల కిటికీ లైట్లతో బొమ్మలు చూపించే పోటీలో గెలిచిన నాన్ ఇషిదా ఈ పజిల్‌ను రూపొందించారు. తెత్సుయా నిషియో కూడా దాదాపు అప్పుడే విడిగా కనిపెట్టారు. నింపిన ప్రతి గడికీ ఒక ఇంటూ కుట్టు వేస్తే అదే క్రాస్ స్టిచ్. మీరు బొమ్మ దాచి అంకెలు మాత్రమే గ్రూపులో పంచుతారు; అందరూ పజిల్ విప్పి, వచ్చిన బొమ్మను ఎవరి గుడ్డ మీద వాళ్లు కుడతారు.

1. బొమ్మ గీయండి. గ్రాఫ్ కాగితం మీద 15×15 గళ్లలో నాలుగు బొమ్మలు చాలు: చిలుక, మామిడికాయ, తాబేలు, కలువ. వారానికొకటి, ఒక్కోదానికి ఒక్కో రంగు. చివరికి రెండేసి చొప్పున పక్కపక్కన చేరి 30×30 చదరం అవుతుంది.

2. అంకెలు రాయండి. చిన్న హృదయం తీసుకుందాం, 5×5. అడ్డ వరుసలకు పైనుంచి కిందికి: 1 1, 5, 5, 3, 1. నిలువు వరుసలకు ఎడమ నుంచి: 2, 4, 4, 4, 2. రెండు, మూడు అడ్డ వరుసలు ముందే నిండిపోతాయి. దాంతో రెండు చివర్ల నిలువు వరుసలూ పూర్తయినట్టే. ఇక పై వరుసలో రెండు గళ్లకు మిగిలింది మధ్య మూడే కాబట్టి, వాటిలో అటొకటి ఇటొకటి నింపాలి.

3. ఒక్క జవాబే ఉందా, చూడండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఐమూలగా ఉన్న రెండు విడి గళ్లతో చిక్కు వస్తుంది: 2×2లో అన్నిచోట్లా 1 రాస్తే రెండు జవాబులూ సరైనవే! మొదటిసారి నేను ఇది చూసుకోలేదు. సగం మంది చిలుక తోక కొసను ఒకవైపు, సగం మంది మరోవైపు కుట్టారు. తప్పు వాళ్లది కాకపోయినా విప్పుకోవాల్సి వచ్చింది, చాలా బాధనిపించింది. అలాంటిచోట ఇంకో గడి నింపి చూడండి. పంచే ముందు బొమ్మ చూడని ఇద్దరిచేత విడివిడిగా చేయించండి.

4. సామాను చెప్పండి. 14 కౌంట్ ఐడా గుడ్డ కావాలి. ఐడా అంటే క్రాస్ స్టిచ్‌కు వాడే గళ్ల గుడ్డ, 14 కౌంట్ అంటే అంగుళానికి 14 గళ్లు. 30 గళ్లకు 2 అంగుళాల పైచిలుకు. చుట్టూ దాదాపు 3 అంగుళాలు వదిలి 8 అంగుళాల చదరం కత్తిరించుకోమనండి. లచ్చిలో దారం ఆరు పోగులుగా ఉంటుంది, రెండు పోగులతోనే కుట్టాలి. 24 నంబరు మొండిమొన సూది సరిపోతుంది. గుడ్డను రెండుసార్లు మడిచి, మధ్య గుర్తు నుంచి లెక్కపెట్టుకోవాలి.

5. ముందు పెన్సిల్, తర్వాతే సూది. పజిల్ పూర్తిగా విప్పి, అంకెలన్నీ మళ్లీ సరిచూసుకున్నాకే కుట్టు మొదలుపెట్టాలి. కుట్లలో పైకి వచ్చే గీత అన్నిటికీ ఒకే వైపు వాలాలి, లేకపోతే బొమ్మ గజిబిజిగా కనిపిస్తుంది.

6. జవాబు బయటపెట్టే రోజు ముందే చెప్పండి. ఆదివారం అనుకుంటే అప్పటిదాకా గ్రూపులో ఎవరూ ఫొటో పెట్టకూడదు. మధ్యలో ఆగిపోయినవాళ్లకు బొమ్మ పేరు చెప్పేయకండి, పెద్ద అంకె ఉన్న ఒక వరుస చూపించండి. 15 గళ్ల వరుసలో 11 ఉంటే, ఎటు జరిపినా 5 నుంచి 11 వరకు ఏడు గళ్లు నిండి తీరాలి. ఆ ఏడూ పెట్టగానే చాలామందికి దారి దొరుకుతుంది.