చిన్నకారుకు మట్టిదారి టైర్లు: షాపుకెళ్లే ముందు చూసుకోవాల్సినవి

పొదలకూరు నిమ్మతోటల దారులకైనా, చీమకుర్తి క్వారీ రాళ్లకైనా ఆల్టో లాంటి కారుకు లోతైన గాడులున్న టైర్లు వేయించాలంటే ముందు సైజు లెక్క తేల్చుకోండి. షాపువాడి మాటమీద వదిలేయొద్దు.

☐ పక్కగోడ మీది సైజు చదవండి. 145/80 ఆర్13 (వెడల్పు 145 మి.మీ., పక్కగోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, రిమ్ము 13 అంగుళాలు) టైరు మొత్తం ఎత్తు సుమారు 562 మి.మీ. 155/80 ఆర్13 అయితే 578, అంటే 2.8 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 60 చూపిస్తే కారు దాదాపు 62లో పోతుంటుంది. ఈ ఎత్తు తేడా 3 శాతం దాటనివ్వొద్దు.

☐ కారు లేచేది తేడాలో సగమే, 8 మి.మీ. "బండి బాగా లేస్తుంది" అనేది ఉత్తమాట.

☐ ముందు ఒక్క చక్రానికే బిగించి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పించండి. వెనక నలుగురిని కూర్చోబెట్టి, వెనక చక్రానికీ తొడిగి చూడండి. ఫెండరు లైనరుకో (చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగు), సస్పెన్షనుకో ఆనుతుంటే ఆ సైజు వద్దు. లైనరు కోసేస్తే బురద నేరుగా లోపలికి కొడుతుంది.

☐ లోడు ఇండెక్సు (టైరు మోయగల బరువును చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు.

☐ తయారీ తేదీ: పక్కగోడ మీది డాట్ (DOT) గుర్తు చివరి నాలుగంకెల్లో 2324 ఉంటే 2024లో 23వ వారం.

☐ నాలుగూ ఒకేరకం వేయించండి. డబ్బుల్లేక రెండే అయితే ఒకే ఇరుసుకు. స్టెప్నీ పాతసైజులో ఉంటే దానిమీద నెమ్మదిగా, కొద్దిదూరమే పోవాలి.

☐ బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు తప్పనిసరి. గాలి డోరు స్టిక్కరు ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడే. నట్లు 50-100 కి.మీ. తర్వాత మళ్లీ బిగించాలి.

మైలేజీ తగ్గుతుంది, తారురోడ్డుమీద హోరు పెరుగుతుంది, తడిలో బ్రేకు దూరమూ పెరగొచ్చు. వారంలో ఆరురోజులు ఒంగోలు వీధుల్లోనే తిరిగేవాళ్లకు ఇవి దండగ.